థిక్‌నెస్ ప్లానర్‌కు ఆసరా బల్లలు: ఏవి, ఎంత పొడవు, ఎంత మట్టం

(వడ్రంగి మేస్త్రీలు, చిన్న వర్క్‌షాపుల యజమానులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి పనివారికి నమస్కారం.

చెక్కను ఒకే మందానికి చిత్రిక పట్టే థిక్‌నెస్ ప్లానర్ మిషను కొనడానికి ఆరు నెలలు ఆలోచించి, నాలుగు దుకాణాలు తిరిగి, మోటారు ఎన్ని హార్స్‌పవరో, బ్లేడ్లు రెండో మూడో విచారించి తెచ్చుకున్నవారు కూడా, దానికి అటూ ఇటూ చెక్కను మోసే బల్లల దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక స్టూలు పెట్టేద్దాంలే" అంటారు. నేనూ మొదట అలాగే అన్నాను. మా షాపులో మొదటి రెండేళ్ళు ప్లానర్‌కు అటు ఒక పాత డ్రమ్ము, ఇటు ఒక పెయింటు డబ్బాల వరుస ఉండేవి. ఆ రెండేళ్ళలో ప్రతి పలకకూ రెండు చివరలా మూడేసి అంగుళాలు కోసి పారేశాం. ఎనిమిదడుగుల పలకలో ఆరంగుళాలు పోవడమంటే పదహారో వంతు పోవడం. టేకు ధర తెలిసిన మీకు ఆ పదహారో వంతు విలువ ఎంతో నేను చెప్పనవసరం లేదు.

ఆ చివరలు ఎందుకు పాడవుతాయో ముందు చూద్దాం. అది తెలియకుండా బల్లను ఎంచుకోవడం కుదరదు.

చిత్రిక పట్టిన పలకను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే, చివర రెండు మూడు అంగుళాల మేర సన్నని పల్లం కనిపిస్తుంది. గోరుతో తడిమితే ఆ మెట్టు తగులుతుంది. కంపెనీ పుస్తకాలు దాన్ని స్నైప్ అంటాయి. మా షాపులో "చివర కొరికింది" అంటాం. పేరు ఏదైనా కారణం ఒకటే. మిషను లోపల కట్టర్ బ్లాకుకు, అంటే బ్లేడ్లు బిగించి తిరిగే దిమ్మెకు, ముందొక రోలరు, వెనకొక రోలరు ఉంటాయి. స్ప్రింగుల బలంతో అవి చెక్కను కింద ఉన్న చదునైన పీటకు, అంటే బెడ్‌కు, అదిమి పట్టి ముందుకు లాగుతాయి. రెండు రోలర్లూ పట్టుకుని ఉన్నంతసేపు చెక్క కదలదు. కానీ చెక్క లోపలికి వెళ్ళే మొదటి క్షణాలలో ముందు రోలరు ఒక్కటే పట్టుకుంటుంది, బయటికి వచ్చే చివరి క్షణాలలో వెనక రోలరు ఒక్కటే పట్టుకుంటుంది. అప్పుడు బయట వేలాడుతున్న బరువు కిందికి లాగుతుంది, బెడ్ అంచు ఇరుసు అవుతుంది, లోపలి కొస పైకి లేచి తిరుగుతున్న బ్లేడ్లకు తగులుతుంది. ఏతం మీద మనిషి ఒక కొసకు నడిస్తే రెండో కొస లేచినట్టే. పల్లం పొడవు రెండు మూడు అంగుళాలే ఉండడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కట్టర్‌కూ రోలరుకూ మధ్య ఉన్న దూరమే ఆ పొడవు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. లెక్క అనగానే భయపడవద్దు, మనమంతా ఘనపుటడుగులు నోటి లెక్కన కట్టేవాళ్ళమే. ఎనిమిదడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న టేకు పలకను తీసుకోండి. అది సరిగ్గా ఒక ఘనపుటడుగు. ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది, అంటే అడుగు పొడవుకు రెండుంబావు కిలోలు. మన మిషను బెడ్ కట్టర్ నుంచి ఒక అడుగు దూరం వరకు ఉందనుకుందాం, రోలరు కట్టర్‌కు మూడంగుళాల దూరంలో ఉందనుకుందాం. పలక దాదాపు మొత్తం బయటికి వచ్చేసి, చివరి కొస కట్టర్ కింద ఉన్న క్షణంలో, ఏడడుగుల చెక్క బెడ్ అంచు దాటి గాలిలో ఉంటుంది. దాన్ని తలకిందులు కాకుండా ఆపాలంటే ఆ ఒక్క రోలరు 72 కిలోల బలంతో అదిమి పట్టాలి. పలక మొత్తం బరువు 18 కిలోలే, పట్టవలసిన బలం మాత్రం దానికి నాలుగింతలు. చిన్న మిషన్ల స్ప్రింగుల నుంచి అంత బలం ఆశించలేం.

అదే బెడ్‌కు ఒక అడుగు బల్ల కలిపి, కట్టర్ నుంచి రెండడుగుల వరకు ఆసరా ఇస్తే ఎంత కావాలి? 21 కిలోలు చాలు. ఇంకో అడుగు కలిపి మూడడుగులు చేస్తే ఆరున్నర కిలోలు. నాలుగడుగులు చేస్తే సున్నా, ఎందుకంటే అప్పుడు సగం చెక్క బల్ల మీద, సగం బయట ఉండి తూకం సరిపోతుంది. ఈ అంకెలను జాగ్రత్తగా గమనించండి: 72, 21, ఆరున్నర, సున్నా. మొదటి అడుగు కలిపినందుకు 51 కిలోల భారం తగ్గింది. మూడో అడుగు కలిపినందుకు తగ్గింది ఆరున్నర కిలోలే. దుకాణంలో "ఎంత పొడవైతే అంత మంచిది" అని చెబుతారు. నా ఉద్దేశంలో ఆ మాట సగమే నిజం. మొదటి రెండడుగుల బల్ల చేసే మేలు, ఆ తరువాత కలిపే పది అడుగులు చేయవు. మీరు ఎక్కువగా చేసే పని ఏమిటో చూసుకోండి. ఏడడుగుల గుమ్మాల చెక్కలే మీ పనైతే, కట్టర్ నుంచి మూడున్నర అడుగుల వరకు గట్టి ఆసరా ఉంటే చాలు. పన్నెండడుగుల దూలం ఏడాదికి ఒక్కసారి వస్తే ఆరోజుకు ఇంకో మనిషిని నిలబెట్టుకోవచ్చు. దాని కోసం ఏడాది పొడవునా షాపులో పన్నెండడుగుల బల్లను భరించడం తెలివైన పని కాదు. నల్లమద్ది, తుమ్మ వంటి బరువు చెక్కతో ఎక్కువ పని చేసేవారు మాత్రం ఈ లెక్కలోని బలాలన్నీ ఆ మేరకు పెంచుకుని చూసుకోవాలి.

పొడవు సంగతి ఇంతే. పొడవు కన్నా ముందు చూడవలసింది మరొకటి ఉంది. కొనేముందు చాలామంది అడగని ప్రశ్న అది. మీ మిషనులో మందం మార్చేటప్పుడు కదిలేది ఏది, బెడ్డా, పైన ఉన్న కట్టర్ తలా?

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే పోత ఇనుము మిషన్లలో, ముఖ్యంగా పైన సర్ఫేసింగ్ (ముఖం చదును చేయడం), కింద థిక్‌నెస్ (మందం తగ్గించడం) రెండూ ఒకదానిలోనే చేసేవాటిలో, కట్టర్ ఒకచోట స్థిరంగా ఉంటుంది, చక్రం తిప్పితే కింది బెడ్ పైకీ కిందికీ కదులుతుంది. మేజా మీద పెట్టుకునే చిన్న మిషన్లలో దీనికి విరుద్ధంగా బెడ్ స్థిరంగా ఉంటుంది, నాలుగు స్తంభాల మీద కట్టర్ తల దిగుతుంది. మకిటా 2012ఎన్‌బీ, డివాల్ట్ డీడబ్ల్యూ735 ఈ రెండో రకానికి చెందినవి. ఈ తేడా తెలియకుండా బల్ల కొంటే డబ్బు వృథా అవుతుంది. బెడ్ కదిలే మిషనుకు నేల మీద నిలబడే బల్లను ఒకసారి సరిచేసి పెడితే, ఒక్కో పాస్‌కు, అంటే చెక్కను మిషను గుండా పంపిన ప్రతిసారీ, బెడ్‌ను ఒక మిల్లీమీటరు చొప్పున ఎత్తుతూ పోయేసరికి అయిదో పాస్‌కు బల్ల అయిదు మిల్లీమీటర్లు కింద ఉంటుంది. అప్పుడది ఉన్నా లేనట్టే. అటువంటి మిషనుకు బెడ్‌కే బోల్టులతో బిగించి, బెడ్‌తో పాటు లేచి దిగే బల్లలే పెట్టాలి. వాటికి నేలను తాకే కాళ్ళు ఉండకూడదు. బెడ్‌ను ఎత్తే స్క్రూల మీద బరువు పడుతుంది కనుక, అవి తేలికగా, అల్యూమినియం పైపులతోనో సన్నని ఇనుప చట్రంతోనో, బెడ్ అంచు నుంచి రెండడుగులు దాటకుండా చేయించుకోవడం మంచిది. బెడ్ స్థిరంగా ఉండే మిషనుకు ఈ చిక్కులేవీ లేవు. కాళ్ళున్న బల్లను, ఎంత బరువైనదాన్నైనా, ఒకసారి మట్టం చేసి నేలకు బిగించేయవచ్చు.

ఇక్కడ ఒక పక్కమాట. ఈ చిన్న మిషన్లు మన కాలంలోనే పుట్టాయి. 1980ల మధ్యలో ర్యోబి సంస్థ ఏపీ-10 అనే మిషనును తెచ్చిన తరువాత, ఒక మనిషి ఎత్తుకుపోగల ప్లానర్ చిన్న షాపులకు అందుబాటులోకి వచ్చింది. ఆ తేలికదనం కోసం వదులుకున్నవాటిలో పొడవైన, బరువైన బెడ్ ఒకటి. చివర కొరకడం పాత పెద్ద మిషన్లలో లేదని కాదు. కానీ బెడ్ కుదించిన చోట అది కొట్టొచ్చినట్టు కనబడింది. కంపెనీలు మడత బల్లలను జోడించి అమ్మడంలో ఆశ్చర్యమేమీ లేదు, తాము తగ్గించినదాన్నే తిరిగి అతికిస్తున్నాయంతే.

ఆ మడత బల్లల గురించి చెబుతాను. రేకును వంచి చేసిన ఈ బల్లలు మిషను అంచుకు రెండు పిన్నుల మీద వేలాడుతాయి, వాడనప్పుడు పైకి మడిచేయవచ్చు. ఇరుకు షాపుకు వాటిని మించినవి లేవు. అయితే కొనేముందు బల్లను తెరిచి, బయటి కొస మీద అరచేతితో గట్టిగా అదిమి చూడండి. కిందికి జారితే, లేదా చేయి తీశాక టక్కున పైకి లేస్తే, పిన్నుల దగ్గర సందు ఉందని అర్థం. ఆ సందు వాడేకొద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు. కింద ఎత్తు సరిచేసే బోల్టూ, దాన్ని కదలకుండా పట్టే లాక్ నట్టూ రెండూ ఉన్నాయో లేవో కూడా చూడాలి. లాక్ నట్టు లేని బోల్టు మిషను అదురుకు వారంలో వదులైపోతుంది.

మట్టం విషయంలో ఎందుకింత పట్టింపు అని మీరు అడగవచ్చు. దీనికీ ఒక చిన్న లెక్క ఉంది. బెడ్ అంచు కట్టర్ నుంచి అడుగు దూరంలో ఉంది, బల్ల అక్కడి నుంచి రెండడుగులు సాగింది, దాని కొస అర నూలు, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, కిందికి కుంగి ఉందనుకోండి. చెక్క ఆ కుంగుదలకు ఆనేసరికి, కట్టర్ దగ్గర ఉన్న కొస దానిలో సగం, అంటే ముప్పావు మిల్లీమీటరు పైకి లేస్తుంది. చివరి పాస్‌లో మనం తీసేదే అర మిల్లీమీటరు ఉంటుంది. ఇక ఆ బల్ల ఉపయోగం ఏమిటి? పొడవైన కుంగిన బల్ల కన్నా పొట్టిదైనా మట్టంగా ఉన్న బల్ల వెయ్యి రెట్లు నయం. కొనేటప్పుడు టేపు తీసుకుపోయే మనవాళ్ళలో తిన్నని పట్టీ తీసుకుపోయేవారిని నేను చాలా తక్కువగా చూశాను.

రోలరు స్టాండ్ల దగ్గర నేను చేతులు కాల్చుకున్నాను. మొదట్లో ఒంటి రోలరు స్టాండ్లు రెండు కొన్నాను. తేలికగా ఉన్నాయి, ధర తక్కువ. పెద్ద గుమ్మం చెక్క ఒకటి పెట్టగానే అది నిటారుగా పోకుండా పక్కకు పక్కకు జరిగి మిషను గోడను రాసుకుంటూ ఆగిపోయింది. బ్లేడ్లు ఒకచోటే తిరిగి చెక్క మీద గాడి పడింది. బ్లేడ్ల తప్పనుకుని వాటిని సాన పట్టించాను. తరువాత మా షాపులో పనిచేసే పెద్ద మేస్త్రీ గారు నవ్వి, "బాబూ, రోలరు ఎటు చూస్తుంటే చెక్క అటే పోతుంది, నువ్వు దాన్ని వీధి వైపు తిప్పి పెట్టావు" అన్నారు. రోలరు చెక్క పోయే దారికి సరిగ్గా అడ్డంగా లేకపోతే అది చుక్కాని లాగా పనిచేస్తుంది. పైగా చెక్కను ఒక్క గీత మీదే మోస్తుంది కనుక, బెడ్‌కూ రోలరుకూ మధ్య సన్నని పలక వంగుతుంది. నేల మట్టిదో గతుకులదో అయితే స్టాండ్ ఎత్తు రోజుకొక రకంగా ఉంటుంది. అందువల్ల రోలరు స్టాండ్‌ను అసలు ఆసరాగా కాక, బల్ల అంతమైన తరువాత పొడవైన చెక్క తోకను పట్టుకోవడానికి మాత్రమే వాడమని నేను చెబుతాను. అప్పుడు కూడా దాన్ని గుండ్రని గోళీల తల ఉన్నదిగా చూసుకుంటే, చెక్కను ఏ పక్కకూ లాగదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి, చాలామంది దుకాణాలలో వెతికినా దొరకనిది, ఎందుకంటే అది అమ్మే వస్తువు కాదు. మిషను నోటి వెడల్పు కన్నా కాస్త తక్కువ వెడల్పుతో, ఆరు నుంచి ఎనిమిదడుగుల పొడవైన ఒకే పలకను తయారుచేసి, దాన్ని మిషను లోపలి నుంచి దూర్చి, బెడ్ మీద ఈ కొస నుంచి ఆ కొస వరకు పరచడం. అప్పుడు ముందు బల్ల, బెడ్, వెనక బల్ల అన్నీ ఒకటే అవుతాయి, వాటి మధ్య కీలూ అతుకూ ఉండవు. దీనికి 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, అంటే ఐఎస్ 710 గుర్తు ఉన్నది తీసుకోండి. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) నున్నగా ఉంటుంది కానీ, మన వానాకాలంలో అంచుల దగ్గర ఉబ్బుతుంది. పైన సన్‌మైకా అతికించండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, పైన మాత్రమే అతికించి కింద వదిలేస్తారు. అప్పుడు ఒక ముఖం తేమను పీల్చి, రెండోది పీల్చక, పలక దొప్పలా వంగుతుంది. రెండు ముఖాలకూ అతికించాలి. చెక్క లోపలికి పోయే వైపు, పలక అడుగున బెడ్ అంచుకు ఆనేటట్టు ఒక అడ్డపట్టీ బిగించాలి. లేకపోతే రోలర్లు చెక్కతో పాటు ఈ పలకను కూడా లాక్కుపోతాయి. బయటి కొసలు వేలాడకుండా కింద కాళ్ళో, మిషను స్టాండ్ నుంచి ఏటవాలు దన్నులో ఇవ్వాలి. బెడ్ కదిలే మిషను అయితే ఆ దన్నులు బెడ్‌కే బిగించాలన్న సంగతి మరచిపోవద్దు.

దీనివల్ల నష్టం ఒకటి ఉంది. పలక మందం మేరకు మిషను పట్టే ఎత్తు తగ్గుతుంది. ఆరంగుళాలు పట్టే మిషను ఇక అయిదుంబావు మాత్రమే పడుతుంది. మందపు దిమ్మెలు వచ్చినప్పుడు తీసి పక్కన పెట్టాలి. లాభం కూడా ఇంకొకటి ఉంది, మిషను తనంతట తాను దిగలేనంత సన్నని పలకలను కూడా దీని మీద పట్టవచ్చు.

ఏ బల్ల పెట్టినా మట్టం చేసే తీరు ఒకటే. ముందు మిషను ప్లగ్ తీసేయండి. బెడ్ మీద నుంచి రెండు బల్లల కొసల వరకు ఆనేటట్టు ఆరడుగుల తిన్నని అల్యూమినియం పట్టీ పెట్టండి. రసమట్టం ఇక్కడ అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే మనకు కావలసింది నేలకు మట్టం కాదు, బెడ్‌కు మట్టం. మిషను మొత్తం కాస్త ఒరిగి ఉన్నా చెక్కకు నష్టం లేదు. పట్టీ కింద ఎక్కడా వెలుతురు కనిపించకుండా బోల్టులు సరిచేశాక, రెండు బల్లల బయటి కొసలనూ ఒక నాణెం మందం మేర పైకి ఎత్తండి. అప్పుడు చెక్క తన బరువుతోనే లోపలి కొసను బెడ్‌కు అదుముతుంది, పైగా బల్ల కొద్దిగా కుంగినా సరిపోతుంది. అంతకు మించి ఎత్తకూడదు. మరీ ఎత్తితే పలక మధ్యలో బెడ్‌ను వదిలి ఊగుతుంది, ఒకే పలకలో మందం మారుతుంది. తరువాత పనికిరాని చెక్కను ఒకటి పంపి, రెండు చివరలా గోరుతో తడిమి చూడండి. ముందు చివర కొరికితే లోపలికి పోయే వైపు బల్లను, వెనక చివర కొరికితే బయటికి వచ్చే వైపు బల్లను సరిచేయాలి. రెండింటినీ ఒకేసారి కదిపితే ఏది ఎందుకు మారిందో తెలియదు.

పాత పెద్ద మిషన్లు ఉన్నవారు బల్లను నిందించే ముందు ఇంకొకటి చూడాలి. వాటి బెడ్‌లోనే రెండు చిన్న రోలర్లు ఉంటాయి. కోత మిల్లు నుంచి వచ్చిన గరుకు చెక్క సులువుగా జరగడానికి వాటిని బెడ్ కన్నా కాస్త పైకి లేపి ఉంచుతారు. నున్నటి పనికి కూడా వాటిని అలాగే వదిలేస్తే, ఎంత మంచి బల్ల పెట్టినా చివరలు కొరుకుతూనే ఉంటాయి. వాటిని దాదాపు బెడ్ మట్టానికి దించాలి.

నాది కాకినాడ. సముద్రపు గాలికి పోత ఇనుము బల్ల రెండు రోజులు తుడవకపోతే మూడో రోజుకు ఎర్రబడుతుంది. తుప్పు పట్టిన బల్ల మీద చెక్క జరగదు, రోలర్లు జారతాయి, చెక్క మీద నల్లటి మరక పడుతుంది. నూనె రాయకండి, అది చెక్కలోకి ఇంకి పాలిష్ పట్టనివ్వదు. సిలికాన్ స్ప్రే ఇంకా హాని. మామూలు తెల్ల కొవ్వొత్తిని రుద్ది, పాత గుడ్డతో మెరిసేదాకా తుడిస్తే చాలు. సముద్రతీరంలో ఉన్నవారు కొత్తగా బల్ల చేయించుకుంటే పోత ఇనుము కన్నా సన్‌మైకా బల్లవైపే మొగ్గమని నా సలహా.

షాపు పొడవు గురించి రెండు మాటలు. ఎనిమిదడుగుల చెక్కకు మిషనుకు ముందు ఎనిమిది, వెనక ఎనిమిది, మిషనుకు రెండు, మొత్తం 18 అడుగులు కావాలి. ఇరవై అడుగుల షట్టరు గదిలో అది సరిపోయినట్టే ఉంటుంది కానీ, మనిషి నిలబడడానికి చోటు ఉండదు. మిషనును షట్టరుకు ఎదురుగా తిప్పి పెట్టుకుంటే పొడవైన చెక్క వీధి వైపుకు వస్తుంది. వచ్చేపోయేవారికి తగలకుండా చూసుకోవలసిన బాధ్యత మాత్రం మీదే.

(సభలో ఒకరు అడిగారు: "అన్నా, మనిషి చేత్తో చివర ఎత్తి పట్టుకుంటే సరిపోతుంది కదా, ఈ బల్లలన్నీ ఎందుకు?")

సరిపోతుంది తమ్ముడూ. చెక్క బయటి కొసను కొద్దిగా ఎత్తి పట్టుకుంటే చివర కొరకదు, నేను కూడా ఒక్కోసారి అలాగే చేస్తాను. కానీ నిమిషానికి ఎనిమిది మీటర్లు లాగే మిషను ముందు రోజుకు వంద పలకలు పట్టేవాడు, నూరో పలకకు కూడా మొదటి పలకకు ఎత్తినంతే ఎత్తుతాడని నేను నమ్మను. ఇంకొక సంగతి కూడా ఉంది. చెక్క లోపలికి పోయేటప్పుడు రోలరు పట్టగానే అది టప్పున బెడ్ మీదికి దిగుతుంది. ఆ క్షణంలో మీ వేళ్ళు చెక్క అడుగున, బెడ్ అంచు దగ్గర ఉంటే నలిగిపోతాయి. చేత్తో ఎత్తేవాడు చెక్కను కొసన, పక్కల నుంచి పట్టుకోవాలి, అడుగు నుంచి కాదు. మిషనుకు నేరుగా ఎదురుగా కాక ఒక పక్కకు నిలబడాలి. బల్ల ఉంటే ఆ చేయి అక్కడికి పోవలసిన అవసరమే రాదు.

(మరొకరు: "అడుగున్నర ముక్కలే నా పని. నాకు బల్ల కావాలా?")

మీకు అక్కరలేదు. అంత పొట్టి ముక్క ఏతంలా లేవడానికి బయట బరువే ఉండదు. అయినా చివరలు కొరుకుతుంటే రోలరు స్ప్రింగులనూ, బ్లేడ్ల పదునునూ చూసుకోండి. ముక్కలను ఒకదాని వెనక ఒకటి ఆనించి వరుసగా పంపితే, మొదటి ముక్క ముందు చివరా, ఆఖరి ముక్క వెనక చివరా తప్ప మిగతావి చాలావరకు శుభ్రంగా వస్తాయి. ఆ రెండు చోట్లా పనికిరాని ముక్కలు పెట్టి పంపండి. మీ మిషను పుస్తకంలో ఇంతకన్నా పొట్టి ముక్క పెట్టకూడదని ఒక కొలత ఉంటుంది, దాన్ని మాత్రం దాటవద్దు.